బ్రేక్ పెడల్ మెత్తబడింది: ఎయిర్ తీయించాలా, వెనక షూలు చూపించాలా, మాస్టర్ సిలిండర్ మార్చాలా?

పాత కారులో బ్రేక్ తొక్కితే పెడల్ ఊరికే లోపలికి పోతుంది, రెండోసారి తొక్కితే గానీ బండి ఆగదు. షెడ్డుకు తీసుకెళ్తే ఒకరు "ఎయిర్ పట్టింది సార్, బ్లీడింగ్ చేస్తే చాలు" అంటారు, అంటే బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని తీసేయడం. పక్క షెడ్డులో "మాస్టర్ సిలిండర్ పోయింది" అంటారు, అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం. మూడో చోట ప్యాడ్లు (ముందు డిస్కును నొక్కి ఆపేవి), షూలు (వెనక డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపేవి), హోస్ పైపులు అన్నీ మార్చేద్దామని పెద్ద లిస్టు రాసిస్తారు. ముగ్గురూ అబద్ధం చెబుతున్నారని కాదు, ఆ కారణాలన్నీ నిజంగా ఉన్నవే. మీ కారుకు వచ్చింది వాటిలో ఏదన్నది మాత్రం పానా పట్టకముందే, చాలావరకు మీ కాలితోనే తేల్చుకోవచ్చు.

మాకు ఇది డబ్బు పోయాక తెలిసింది. నాన్న దగ్గర 2006 నాటి చిన్న కారు ఉండేది. పెడల్ సగం పైగా కిందికి వెళ్లాక గానీ బ్రేక్ పట్టేది కాదు. వీధి చివర షెడ్డులో చూపిస్తే మాస్టర్ సిలిండర్ మార్చారు, వారం తిరక్కుండానే మళ్లీ అదే తంతు. ఎయిర్ తీశారు, ఆయిల్ మార్చారు, అయినా అంతే. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి పట్టుకుని, పెడల్ తొక్కి చూశారు. పెడల్ పైనే ఆగింది. "వెనక షూలు దూరం జరిగాయి బాబూ, ముందర ఏమీ పోలేదు" అన్నారు. రెండు డ్రమ్ములూ విప్పి, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టర్లు తుప్పుతో బిగుసుకుపోతే శుభ్రం చేసి సెట్ చేస్తే సాయంత్రానికి కారు మామూలైంది. మేం తీసి పడేసిన మాస్టర్ సిలిండర్‌కు అసలు ఏ జబ్బూ లేదు. అందుకే ఏది మార్చాలి అనే ప్రశ్న కంటే ముందు, మెత్తదనం ఎలాంటిదో తేల్చుకోమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ రాసేది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉండి ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని కార్ల గురించి. మారుతి 800, ఆల్టో, జెన్, పాత శాంట్రో, ఇండికా లాంటివి. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే కాబట్టి, అంతకుముందు కొన్న చిన్న కార్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. ఏబీఎస్ ఉన్న కారైతే పరీక్షలు ఇవే, కానీ దాని యూనిట్ లోపల గాలి ఇరుక్కుంటే మామూలుగా తీస్తే పూర్తిగా పోకపోవచ్చు, స్కానర్ ఉన్న చోటికి వెళ్లాల్సి రావచ్చు.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముందు. పెడల్ నేలకు ఆనుతున్నా, ఆయిల్ డబ్బాలో మట్టం మిన్ గీత కిందికి పోయినా, ఏ చక్రం లోపలి వైపైనా తడి కనిపించినా ఆ కారు నడపకండి. "షెడ్డు ఇక్కడే కదా, మెల్లగా పోదాం" అనుకోవద్దు. మెకానిక్‌ను ఇంటికి పిలవండి, లేదా బండిని మోసుకెళ్లే వాహనం మాట్లాడుకోండి.

## ముందు ఏం గమనించాలి

బ్రేక్ ఆయిల్‌ను ఎంత నొక్కినా దాదాపు కుదించుకుపోదు. అందుకే మీ కాలి బలం మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా వృథా కాకుండా చేరుతుంది. పెడల్ మెత్తబడిందంటే ఆ దారిలో ఎక్కడో మూడింటిలో ఒకటి జరుగుతోంది: నొక్కితే కుదించుకుపోయేదో సాగేదో ఉంది (గాలి, ఆవిరి, ఉబ్బిన హోస్), లేదా ఆయిల్ జారిపోతోంది (బయటికి లీకు, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే రబ్బరు పక్క నుంచి వెనక్కి), లేదా ప్యాడ్లూ షూలూ దూరంగా ఉండి ఆ ఖాళీ నిండటానికే పెడల్ ప్రయాణమంతా అయిపోతోంది. ఇంతకుమించి నాలుగోది దాదాపు ఉండదు.

కాబట్టి మనం "మెత్తగా ఉంది" అని ఒకే మాటతో చెప్పేదాంట్లో నిజానికి మూడు వేర్వేరు ఫిర్యాదులున్నాయి. స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉండటం ఒకటి. కిందిదాకా వెళ్లినా అక్కడ గట్టిగా ఆగడం రెండోది. పట్టినట్టే పట్టి, అలాగే తొక్కి ఉంచితే నెమ్మదిగా దిగిపోవడం మూడోది. మెకానిక్‌కు చెప్పేటప్పుడు ఈ మూడింటిలో ఏదో స్పష్టంగా చెప్పగలిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది. దాంతో పాటు గమనించాల్సినవి మరో మూడు: డబ్బాలో ఆయిల్ తగ్గుతోందా లేదా, ఇది ఎప్పుడు వస్తోంది (పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, ఘాట్ దిగాకా, గతుకుల రోడ్డు మీదా), ఈమధ్య బ్రేకుల పని ఏదైనా చేయించారా.

ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. నిన్నటిదాకా బాగున్న పెడల్ ప్యాడ్లు మార్చాక మెత్తబడిందంటే, ముందు ఆ పనినే అనుమానించాలి. ప్యాడ్ సరిగ్గా కూర్చోకపోవచ్చు, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుని ప్యాడ్ వంకరగా నొక్కుకుంటూ ఉండొచ్చు. కాలిపర్లు విప్పిన పనైతే కుడిది ఎడమకు, ఎడమది కుడికి పడిందేమో చూడండి. అలా పడితే గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి పది సార్లు బ్లీడింగ్ చేసినా అది బయటికి రాదు.

## కాలితో చేసే పరీక్షలు

కారును చదునుగా ఉన్న చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపండి. పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి వదిలితే బూస్టర్‌లో (ఇంజిన్ వాక్యూమ్‌తో మీ కాలి బలానికి సాయం చేసే భాగం) ఉన్న వాక్యూమ్ అయిపోతుంది. ఇది ముఖ్యం, బూస్టర్ సాయం ఉంటే మీ కాలికి అసలు సంగతి తెలియదు.

మొదట వెంటవెంటనే మూడుసార్లు తొక్కి మూడోసారి ఆపి ఉంచండి. పెడల్ పైకి వచ్చి, కానీ ఇంకా రబ్బరు బంతిలా ఊగుతుంటే గాలి ఉన్నట్టు. పైకి వచ్చి రాయిలా గట్టిగా ఆగితే గాలి కాదు, ఎక్కడో ఖాళీ ఎక్కువైంది, ఎక్కువసార్లు అది వెనక డ్రమ్ముల్లోనే ఉంటుంది.

తర్వాత హ్యాండ్ బ్రేక్ పరీక్ష, మా నాన్న కారును కాపాడింది ఇదే. హ్యాండ్ బ్రేక్ కిందికి దించి పెడల్ ఒకసారి తొక్కి ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు దాన్ని బాగా పైకి లాగి మళ్లీ తొక్కండి. లాగినప్పుడు వెనక షూలు డ్రమ్ముకు దగ్గరవుతాయి, కాబట్టి పెడల్ ముందుకంటే బాగా పైన ఆగితే తప్పు వెనక షూలదే. తేడా ఏమీ లేకపోతే వెనక సెట్టింగు బాగానే ఉంది, ఇంకో చోట వెతకాలి.

మూడోది దిగుడు పరీక్ష. పెడల్ మీద కాలు పెట్టి ఒక నిమిషం పాటు అలాగే ఉంచండి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, బలమంతా పెట్టి తొక్కుతారు. మాస్టర్ సిలిండర్ లోపల అరిగిన రబ్బరు వాషర్ గట్టిగా తొక్కినప్పుడు ఆ ఒత్తిడికే విచ్చుకుని సిలిండర్ గోడకు అతుక్కుని బాగానే ఆపుతుంది, మెల్లగా తొక్కినప్పుడే దాని పక్క నుంచి ఆయిల్ జారిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎంత బలంతో తొక్కి ఉంచుతారో అంతే పెట్టి చూడండి, ఆ తర్వాత గట్టిగా తొక్కి కూడా చూడండి. నెమ్మదిగా దిగుతోందంటే రెండే దారులు: ఎక్కడో బయటికి కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే వెనక్కి పోతోంది. డబ్బాలో మట్టం రోజులు గడిచినా తగ్గకపోతే రెండోదే.

చివరగా పెడల్ తొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. అప్పుడు పెడల్ కొద్దిగా కిందికి దిగితే అది జబ్బు కాదు, బూస్టర్ బాగా పనిచేస్తోందని అర్థం. దీన్ని చూసి భయపడి మాస్టర్ సిలిండర్ మార్చేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. బూస్టర్ పాడైతే సాధారణంగా పెడల్ మెత్తబడదు, గట్టిపడుతుంది.

## ఏ లక్షణానికి ఏ పని

| కాలికి తెలిసేది | డబ్బాలో ఆయిల్ | ఎక్కువగా కారణం | ముందు చేయించాల్సింది |
|---|---|---|---|
| స్పాంజిలా ఉంటుంది, పంప్ చేస్తే కొంచెం పైకి వస్తుంది | తగ్గదు | గాలి, పాత ఆయిల్ | మొత్తం ఆయిల్ మార్చి గాలి తీయడం |
| కిందిదాకా వెళ్తుంది కానీ గట్టిగా ఆగుతుంది, హ్యాండ్ బ్రేక్ లాగితే పైకి వస్తుంది | తగ్గదు | వెనక షూల ఖాళీ | డ్రమ్ములు విప్పి అడ్జస్టర్లు చూడటం |
| తొక్కి ఉంచితే నెమ్మదిగా దిగుతుంది | తగ్గదు | మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు | మాస్టర్ సిలిండర్ కిట్ లేదా కొత్తది |
| దిగుతుంది | తగ్గుతుంది | బయటికి లీకు | కారు నడపకుండా లీకు వెతకడం |
| ఘాట్ దిగాక మెత్తబడి, చల్లారాక బాగవుతుంది | తగ్గదు | నీరు పట్టిన ఆయిల్ మరగడం | ఆయిల్ మార్చడం, కాలిపర్లు చూడటం |
| మలుపులో, గతుకుల్లో మొదటి తొక్కుడు మాత్రమే కిందికి పోతుంది | తగ్గదు | వీల్ బేరింగ్ లూజు, వంకర డిస్క్ | చక్రం ఊపి బేరింగ్ చూడటం |

చివరి వరుస తరచుగా కనిపించదు గానీ మనిషిని బాగా తిప్పుతుంది. బేరింగ్ లూజైతే మలుపులో డిస్క్ పక్కకు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. తర్వాత తొక్కినప్పుడు ఆ ఖాళీ నిండాలి కాబట్టి మొదటిసారి పెడల్ కిందికి పోయి, రెండోసారికి మామూలుగా ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏమీ దొరకదు.

## మొదటి దారి: ఆయిల్ మార్చి గాలి తీయించడం

ఖర్చు తక్కువ, విప్పాల్సింది తక్కువ, కారణం ఇది కాకపోయినా చేసిన పని వృథా పోదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే, లేదా ఎప్పుడు మార్చారో మీకు గుర్తే లేకపోతే, దీంతోనే మొదలుపెట్టండి.

మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 (డాట్ అనేది బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో దిగుతూ, లేదా అరకు నుంచి కిందికి వస్తూ గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే కాలిపర్ దగ్గర ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. ఆయిల్‌లో ఉన్న నీరు ఆవిరవుతుంది, ఆవిరి కుదించుకుపోతుంది, పెడల్ నేలకు పోతుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే, షెడ్డులో చూపిస్తే "ఏమీ లేదు సార్" అంటారు. అలాంటి అనుభవం ఒక్కసారి ఎదురైనా వెంటనే ఆయిల్ మార్పించండి. ఘాట్‌లో పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే అది వేరే సంగతి, అక్కడ వేడెక్కి పట్టు కోల్పోయింది ప్యాడ్లు.

డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 3 గానీ డాట్ 4 గానీ వాడొచ్చు, డాట్ 4 ఉంటే అదే వాడండి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉందని దాన్ని కలపకూడదు. షెడ్డులో సగం వాడి మూత పెట్టిన సీసా వద్దు, సీల్ ఉన్నది మీరే కొని తీసుకెళ్లండి. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బి చెడిపోతాయి, శుభ్రం చేయడానికి పెట్రోలు, కిరసనాయిలు కూడా వాడనివ్వకండి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది, బాడీ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి.

గాలి తీసే పద్ధతుల్లో ఇద్దరు మనుషులు చేసేదే మన దగ్గర ఎక్కువ. ఒకరు తొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు నిపుల్ వదులు చేసి బిగిస్తారు, బిగించాకే కాలు తీయాలి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి అది వెనక ఎడమ చక్రం అవుతుంది, కారు మాన్యువల్లో వేరే వరుస ఉంటే దాన్నే పాటించాలి. నిపుల్‌కు పారదర్శకమైన ట్యూబు పెట్టి, దాని చివర కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచితే బుడగలు కంటికి కనిపిస్తాయి, బుడగలు ఆగి కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా చేయాలి. డబ్బా మధ్యలో ఖాళీ అయితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

పాత కార్లకు ఒక జాగ్రత్త, ఇది మెకానిక్‌లు కూడా మర్చిపోతుంటారు. రోజూ నడిపేటప్పుడు పెడల్ ఎప్పుడూ పూర్తిగా కిందికి వెళ్లదు, కాబట్టి మాస్టర్ సిలిండర్ లోపల చివరి భాగం ఏళ్ల తరబడి వాడకం లేక తుప్పు, మడ్డి పట్టి ఉంటుంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కితే రబ్బరు వాషర్ ఆ గరుకు మీదికి వెళ్లి చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్ బ్లీడింగ్ మర్నాడే పాడవడానికి ఇదొక ముఖ్య కారణం. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, అంతే. లేదా నిపుల్ వదులు చేసి ఆయిల్‌ను దానంతటదే కారనివ్వండి, ఆలస్యమవుతుంది గానీ పెడల్ ముట్టుకోనక్కర్లేదు. వాక్యూమ్ గన్ ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మంచిది.

గాలి తీశాక పెడల్ బాగై, వారం పది రోజుల్లో మళ్లీ మెత్తబడితే మళ్లీ బ్లీడింగ్ చేయించకండి. గాలి ఊరికే రాదు, వచ్చే దారి ఏదో ఉంది, దాన్ని వెతకాలి.

## రెండో దారి: వెనక డ్రమ్ములు

కిందిదాకా వెళ్లి గట్టిగా ఆగే పెడల్‌కు ముందు చూడాల్సింది ఇక్కడ. షూలు అరిగేకొద్దీ వాటిని దగ్గర చేసే అడ్జస్టర్ ఉంటుంది. దుమ్ము, తుప్పు పట్టి అది బిగుసుకుపోతే షూలు దూరంగానే ఉండిపోతాయి. వారానికొకసారి బయటికి తీసే కార్లలో, వర్షం నీళ్లలో నిలబడే కార్లలో ఇది ఎక్కువ. కొత్త సామాను కొనకుండానే బాగయ్యే అవకాశం ఉన్న దారి ఇదొక్కటే, అయినా డ్రమ్ము విప్పడం కష్టమని చాలా షెడ్లలో దీన్ని చివరికి నెడతారు. పెడల్ సరిచేయడానికి హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించేస్తామంటే ఒప్పుకోకండి, ముందు షూలు సెట్ చేయాలి, తర్వాతే కేబుల్.

డ్రమ్ము విప్పినప్పుడు, షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న రబ్బరు తొడుగును కొంచెం పైకెత్తి చూడమనండి. లోపల తడి ఉంటే లీకు మొదలైనట్టే. అప్పుడు రెండు వైపులా మార్చడం మంచిది, ఎందుకంటే రెండో దానికీ వయసు అంతే. ఆయిల్‌లో తడిసిన షూలను కడిగి మళ్లీ వేయొద్దు, రెండు చక్రాలకూ కొత్తవి వేయించండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి, తడి గుడ్డతో తుడవమనండి.

## మూడో దారి: మాస్టర్ సిలిండర్

దిగుడు పరీక్షలో పెడల్ దిగి, ఆయిల్ తగ్గకుండా ఉంటేనే దీని జోలికి వెళ్లండి. ఒక చిక్కుంది. వెనక చివర ఉన్న రబ్బరు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి కారుతుంది, కింద ఒక్క చుక్క కనిపించదు, మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు అతుక్కునే చోట కింద వేలు పెట్టి చూస్తే తడి తగులుతుంది, లేదా బూస్టర్ మీద పెయింట్ ఉబ్బి ఊడిపోతూ ఉంటుంది. (మట్టం కొద్దికొద్దిగా తగ్గడం ప్యాడ్లు అరిగినా జరుగుతుంది, అది సహజం.)

అనుమానం తీరాలంటే మంచి మెకానిక్ మాస్టర్ సిలిండర్ నుంచి పైపులు తీసి ఆ రంధ్రాలకు బిరడా బోల్టులు బిగించి పెడల్ తొక్కి చూస్తారు. రాయిలా ఆగితే మాస్టర్ సిలిండర్ బాగుంది, దిగితే తప్పు దానిదే. కొత్తది కొనేముందు ఈ పరీక్ష అడగండి, పావుగంట పని.

కిట్ వేయించాలా, కొత్త సిలిండరే కొనాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కిట్ అంటే లోపలి రబ్బర్లు మాత్రమే. విప్పాక సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటే కిట్ సరిపోతుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది. వేలికి గీత తగిలినా, తుప్పు గుంటలు కనిపించినా కిట్ దండగ, కొత్త రబ్బరు ఆ గరుకు మీద కొన్నాళ్లకే అరిగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో పదిహేనేళ్లు తిరిగిన కారైతే నేను కిట్ గురించి ఆలోచించను. కారు మోడలే ఆగిపోయి కొత్తది దొరక్కపోతే లోపల స్లీవ్ (కొత్త లోహపు గొట్టం) వేయించే పనివాళ్లు ఉంటారు, అది చివరి మార్గం. పాత ఇనుము కొట్లో తీసిన మాస్టర్ సిలిండర్ మాత్రం ఎంత చవకైనా వద్దు, దాని లోపల ఎలా ఉందో బయటికి తెలియదు. సామాను బిల్లుతో కొనండి, బ్రేకుల్లో నకిలీ ప్రాణాల మీదికి తెస్తుంది.

కొత్తది బిగించేముందు బల్ల మీద పెట్టి దాని లోపలి గాలి తీయాలి. అలా చేయకుండా బిగిస్తే పెడల్ మెత్తగానే ఉంటుంది, కొత్తది కూడా పాడైందనుకుని వెనక్కి తీసుకెళ్తారు.

## నాలుగోది: హోస్ పైపులు, కాలిపర్లు

ముందు చక్రాల దగ్గర ఉండే రబ్బరు హోసులకు వయసైపోతే తొక్కినప్పుడల్లా ఉబ్బుతాయి. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు హోస్ పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. పగుళ్లు కనిపిస్తే ఇక పరీక్షే అక్కర్లేదు. హోస్‌ను క్లాంపుతో నొక్కి ఏ చక్రం దగ్గర తప్పుందో వెతికే పద్ధతి ఉంది, అది బాగా పనిచేస్తుంది కానీ నున్నటి దవడలున్న హోస్ క్లాంపుతోనే చేయాలి. ప్లయర్‌తో నొక్కితే హోస్ లోపలి పొర చిట్లుతుంది, పాత హోసుల మీద నేనైతే చేయనివ్వను, అంత అనుమానం ఉంటే మార్చేయడమే మేలు. హోస్ మార్చినప్పుడు కాలిపర్ దగ్గర ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయించండి.

## మీ పరిస్థితిని బట్టి

సెకండ్ హ్యాండ్ కారు ఇప్పుడే కొన్నారు, చరిత్ర ఏమీ తెలియదు అనుకుందాం. పెడల్ ఎలా ఉన్నా మొత్తం ఆయిల్ మార్పించి, నాలుగు చక్రాలూ విప్పించి చూడండి. ఆ ఖర్చును కారు ధరలో భాగం అనుకోండి. ఇంకా కొనలేదు, చూడటానికే వెళ్లారంటే దిగుడు పరీక్ష అక్కడే చేయండి, అమ్మేవాళ్లు ఏమీ అనుకోరు.

రోజూ ఆఫీసుకు తిప్పే కారైతే పని ఒకేసారి అయిపోవడం ముఖ్యం. మాస్టర్ సిలిండర్ అని తేలితే కిట్‌తో ఆగకుండా కొత్తదే వేయించుకుంటే రెండోసారి సెలవు పెట్టే పని ఉండదు. అదే అమ్మానాన్నల దగ్గర ఊళ్లో వారానికోసారి తీసే కారైతే వెనక అడ్జస్టర్లు, ఆయిల్, ఈ రెండింటితో మొదలుపెడితే ఎక్కువసార్లు అక్కడే తీరిపోతుంది. వాళ్లు పెద్దవాళ్లు, పెడల్ మెత్తబడినా "కొంచెం పంప్ చేస్తే పడుతోందిలే" అని అలవాటు పడిపోతారు. పండగకు వెళ్లినప్పుడు మీరే ఒకసారి సీట్లో కూర్చుని తొక్కి చూడండి.

రేపే తిరుమలో శ్రీశైలమో బయల్దేరాలి, ఇవాళ పెడల్ మెత్తబడింది అంటే, ఇంకో బండి మాట్లాడుకోండి. హడావుడిగా రాత్రికి రాత్రి చేయించిన బ్రేకుల పనితో ఘాట్ ఎక్కకూడదు. ఎక్కడం సమస్య కాదు, దిగడం సమస్య.

పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లేవాళ్లు బ్రేకులు ఎలాగూ చూపించాలి, కాబట్టి ఆఖరి వారంలో కాకుండా నెల ముందే ఈ పరీక్షలు చేసుకుంటే సామాను వెతుక్కునే టెన్షన్ ఉండదు.

సొంతంగా చేసుకుందామనుకునేవాళ్లకు: పరీక్షలన్నీ మీరే చేయండి, డబ్బాలో ఆయిల్ చూడండి, చక్రాల లోపలి వైపు తడి చూడండి. ఇంతకుముందు ఎప్పుడూ బ్రేకులు విప్పనివాళ్లు మొదటిసారి గాలి తీసేటప్పుడు మాత్రం తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి. జాక్ మీద నిలబెట్టిన కారు కిందికి వెళ్లకండి, స్టాండ్లు ఉండాలి.

షెడ్డుకు వెళ్తే ఇలా చెప్పి చూడండి: "అన్నా, పెడల్ కిందిదాకా పోయి గట్టిగా ఆగుతోంది, హ్యాండ్ బ్రేక్ లాగితే పైకి వస్తోంది, తొక్కి ఉంచితే దిగట్లేదు, ఆయిల్ తగ్గలేదు. ముందు వెనక డ్రమ్ములు చూడు." ఇంత వివరంగా చెప్పాక మాస్టర్ సిలిండర్ మార్చేద్దామని ఎవరూ తొందరపెట్టరు. పెడితే, తీసేసిన సామాను నా చేతికివ్వు, గోడ ఎలా ఉందో నేనూ చూస్తాను అనండి.

పని అయ్యాక వెంటనే రోడ్డెక్కకండి. ఇంజిన్ ఆపి, పెడల్ నిమిషం పాటు తొక్కి ఉంచి చూడండి. తర్వాత ఖాళీ స్థలంలో గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా నాలుగైదు సార్లు ఆపి చూడండి, బండి ఒక పక్కకు లాగుతోందేమో గమనించండి. డబ్బా మీద ఆయిల్ ఉన్న చోట పెన్నుతో గీత పెట్టి, మర్నాడు పొద్దున ఒకసారి, వారం తర్వాత ఒకసారి ఆ గీతతో పోల్చి చూసుకోండి.